మద్యం గురించి మన సంఘంలో మాట్లాడని మాటలు

(యువజన సదస్సు రెండో రోజు సాయంత్రం ఒక పాస్టరు గారు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం, మిగతాది మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ వందనాలు. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ తమ్ముళ్లు ముందుకు రండి. ముందు వరుసలు ఖాళీ. రండి రండి, ఈ రోజు టాపిక్ చూసి భయపడ్డారా? ఎవరి నోరూ వాసన చూడను, కూర్చోండి.

పొద్దున చీటీలు రాయించారు కదా, పేర్లు రాయక్కర్లేదని చెప్పి. అవన్నీ నా దగ్గరున్నాయి. చాలా చీటీల్లో ఒకటే ప్రశ్న, మాటలే వేరు. "అయ్యగారూ, బైబిల్లో తాగొద్దని ఎక్కడుంది?" ఒకరు ఇంకొంచెం ధైర్యం చేశారు: "కానా పెళ్లిలో ప్రభువే నీళ్లని ద్రాక్షారసం చేసి ఇచ్చాడు కదా, మనకేంటి అడ్డం?" మంచి ప్రశ్న. దాటవేయను. పెద్దలు కూడా ఇక్కడున్నారు, వాళ్లు కొంచెం ఓపిక పట్టాలి. నేను చివరిదాకా చెప్పాక కోప్పడండి.

బైబిల్లో "విశ్వాసి ఎవడూ ఒక్క చుక్క కూడా ముట్టకూడదు" అనే ఆజ్ఞ లేదు. లేదు. ఉందని చెప్తే నేను మీకు అబద్ధం చెప్పినట్టు. నూట నాలుగో కీర్తన తియ్యండి, పదిహేనో వచనం. నరుల హృదయాన్ని సంతోషపెట్టే ద్రాక్షారసాన్ని దేవుడిచ్చిన మేలుల వరసలో, నూనె పక్కన, ఆహారం పక్కన పెట్టాడు కీర్తనకారుడు. యాజకులకు ఆరాధన గుడారంలోకి వెళ్లేటప్పుడు వద్దన్నాడు, లేవీయకాండం పది. నాజీరు మొక్కు, అంటే దేవునికి ప్రత్యేకంగా ఉంటామన్న మొక్కు, ఉన్నవాళ్లకు వద్దన్నాడు, సంఖ్యాకాండం ఆరు. కొందరికి, కొన్ని వేళల్లో వద్దన్నాడంటే మిగతావాళ్లు మిగతా వేళల్లో తాగేవాళ్లనే కదా అర్థం? పౌలు తిమోతికి ఏం రాశాడు? నీ కడుపు జబ్బు కోసం కొంచెం పుచ్చుకో అన్నాడు. ఆ వచనం మనవాళ్లకి బాగా వచ్చు. మిగతా పత్రిక రాదు గానీ ఆ ఒక్క వచనం నోటికొచ్చు.

కొందరు బోధకులు అంటారు, కానాలో ప్రభువు చేసింది పులియని తీపి రసం, మత్తు లేనిది అని. వాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ కథ చదవండి. విందు ప్రధాని పెండ్లికుమారుణ్ని పిలిచి ఏమన్నాడు? అందరూ ముందు మంచిది పోసి, జనం బాగా తాగాక నాసిరకం పోస్తారు, నువ్వు మంచిది ఇప్పటిదాకా దాచావే అన్నాడు. తాగినవాడికి రుచి తెలియదన్న సంగతి మీదే నడుస్తుంది ఆ మాట. అలాగే కొరింథు సంఘం. ప్రభురాత్రి భోజనానికి, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనకి, వచ్చి ఒకడు ఆకలితో ఉంటే ఒకడు మత్తుడవుతున్నాడని పౌలు తిట్టాడు. పండ్ల రసంతో మత్తెక్కుతుందా? మన వాదన గెలవడం కోసం వాక్యాన్ని వంచొద్దు. వంచితే ఏమవుతుందో తెలుసా? పిల్లలు ఇంటర్నెట్‌లో చదువుకుంటారు, అయ్యగారు అబద్ధం చెప్పాడని తేలుతుంది, ఆ తర్వాత నిజం చెప్పినా నమ్మరు.

సరే, తమ్ముళ్ల ముఖాలు వెలిగిపోతున్నాయి. ఆగండి.

బైబిల్లో మొదటి ద్రాక్షతోట ఎవరిది? నోవహుది. మొదటి తాగుబోతు ఎవరు? ఆయనే. ఆదికాండం తొమ్మిది. జలప్రళయంలో మునగనివాడు సొంత గుడారంలో బట్టలు లేకుండా పడిపోయాడు. ఇంట్లో పిల్లల మధ్య శాపం పుట్టింది. అప్పటి నుంచి మొదలుపెట్టి చూడండి, లోతు, నాబాలు, బెల్షస్సరు. తాగుడు కథ ఎక్కడ వచ్చినా దాని వెనకే ఒక ఇల్లు కూలుతుంది.

ఇప్పుడు సామెతలు ఇరవైమూడు, ఇరవైతొమ్మిదో వచనం నుంచి. ఎవరైనా గట్టిగా చదవండి. అక్కా, మీరు చదవండి. "ఎవరికి శ్రమ? ఎవరికి దుఃఖము? ఎవరికి జగడములు? ఎవరికి చింత? ఎవరికి హేతువులేని గాయములు?" చాలు, ఇక్కడ ఆపండి. హేతువులేని గాయములు. పొద్దున లేచి చూసుకుంటే మోచెయ్యి గీరుకుపోయి ఉంటుంది, ఎక్కడ పడ్డాడో తెలియదు. మీ వీధిలో చూశారా లేదా? ఇంకా కిందికి రండి. విపరీతమైనవి నీ కళ్లకు కనబడతాయి అన్నాడు. నడిసముద్రంలో పడుకున్నవాడిలా ఉంటావు అన్నాడు. మంచం ఊగుతున్నట్టు ఉంటుందని తాగినవాళ్లు చెప్తారు, అదే. నన్ను కొట్టారు గానీ నొప్పి తెలియలేదు. మరి చివరి మాట ఏంటి? "నేనెప్పుడు నిద్ర మేల్కొందును? మరల దాని వెదకుదును." ఇదీ అసలు సంగతి. ఇంత జరిగాక కూడా లేవగానే వాడు వెతికేది దాన్నే. దీన్ని ఈ రోజు డాక్టర్లు వ్యసనం అంటారు. జ్ఞాని వేల ఏళ్ల కిందట ఆ మనిషి పక్కన కూర్చుని చూసి రాసినట్టు రాశాడు. తిట్టలేదు చూశారా? ఆ చివరి వచనం తాగినవాడి నోటితోనే చెప్పించాడు.

ఇంకో విషయం. "అప్పుడు వాళ్లు తాగారు కదా" అనేవాళ్లు లెక్క కూడా చూడాలి. నేను లెక్కల మాస్టారి కొడుకుని, కాబట్టి భరించండి. ద్రాక్షరసం దానంతట అది పులిస్తే అందులో ఆల్కహాలు మామూలుగా పద్నాలుగు, పదిహేను శాతం దాటదు. పులియబెట్టే ఈస్టే ఆ ఘాటుకి బతకదు. పైగా ప్రభువు కాలంలో నీళ్లు కలిపి తాగడం మామూలు. మూడు వంతులు నీళ్లు కలిపితే ఎంతవుతుంది? మూడు, నాలుగు శాతం. బట్టీ పెట్టి ఆవిరి పట్టి తీసే బ్రాందీ, విస్కీ ఆ రోజుల్లో లేవు, అవి ఐరోపాలో మధ్యయుగాల్లో వచ్చాయి. మన వైన్స్‌లో దొరికే సీసా మీద ఏముంటుంది? 42.8 శాతం. ఒక క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. అందులో అచ్చంగా ఆల్కహాలు 77 మిల్లీలీటర్లు. కానా పెళ్లి గిన్నెతో అంత లోపలికి పోవాలంటే దాదాపు రెండు లీటర్లు తాగాలి. మన మేస్త్రి పని దిగి, ఖాళీ కడుపుతో, షాపు పక్కన నిలబడి, పది నిమిషాల్లో కొట్టేస్తాడు. రెండూ ఒకటేనా?

"మేం బీరే అయ్యగారూ" అన్నారు ఒక చీటీలో. బీరే. స్ట్రాంగ్ బీరు ఎనిమిది శాతం దాకా ఉంటుంది, సీసా 650 మిల్లీలీటర్లు. అంటే 52 మిల్లీలీటర్ల ఆల్కహాలు. రెండు లార్జ్ పెగ్గులు. నురుగు చూసి మోసపోవద్దు. ఆల్కహాలు క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1988లోనే తేల్చింది, పొగాకుని పెట్టిన మొదటి వర్గంలోనే పెట్టింది. ఇంత తాగితే ఆరోగ్యానికి ఏమీ కాదని చెప్పగల హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. తిమోతి కడుపు గురించి మాట్లాడేవాళ్లు మన కడుపు గురించి కూడా మాట్లాడాలి కదా.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. ఆజ్ఞ లేనప్పుడు మన తెలుగు సంఘాలు ఎందుకింత పట్టుబట్టాయి? కేథలిక్ వాళ్లు ఇంత పట్టుబట్టరు. వాళ్ల బలిపూజలో ఈ రోజుకీ ద్రాక్ష నుంచి తీసిన అసలు వైనే వాడాలి, అది వాళ్ల చట్టం. మన ప్రభురాత్రి భోజనం బల్ల మీద పులియని ద్రాక్షరసం ఉంటుంది. ఆ రసం కథ కూడా విచిత్రమే. అమెరికాలో, న్యూజెర్సీలో, థామస్ వెల్చ్ అని ఒక మెథడిస్టు విశ్వాసి, పళ్ల డాక్టరు. 1869లో ద్రాక్షరసాన్ని పులియకుండా వేడిచేసి నిలవ ఉంచే పద్ధతి కనిపెట్టాడు, ప్రభురాత్రి భోజనం కోసం. దానికి ముందు పద్దెనిమిది వందల ఏళ్లు సంఘం అంతా వైనే వాడింది. కాబట్టి ఎవరి గిన్నెలో ఏముందని ఎవరినీ వేలెత్తి చూపొద్దు. పక్క సంఘంవాళ్లు తాగుబోతులు, మనం పరిశుద్ధులం, ఈ మాట నాకు ఇష్టం లేదు.

మరి మనవాళ్లు ఎందుకు పట్టుబట్టారు? పుస్తకం చూసి కాదు, ఇళ్లు చూసి. దోర్నకల్ బిషప్ అజరయ్య గారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్, 1912లో అభిషేకం పొందారు. ఆయన పల్లెల్లో తిరిగి ఏమన్నారంటే మనల్ని పట్టుకున్న దయ్యాలు నాలుగు: మురికి, రోగం, అప్పు, తాగుడు. చూడండి, తాగుడుని ఆయన వ్యభిచారం పక్కన పెట్టలేదు, అప్పు పక్కన పెట్టారు. ఎందుకు? సంఘంలోకి వచ్చినవాళ్లు ఎవరు? మాల మాదిగ పల్లెలు. వెట్టి చేసిన తాతలు. కూలి డబ్బు చేతికొచ్చిన సాయంత్రమే కల్లు పాకలోనో సారా కొట్లోనో పోతే, ఆ ఇంట్లో పిల్ల బడికి పోదు, అప్పు దొర దగ్గర తీరదు. తాగుడు మానడం అంటే ఆ తరానికి దొర చేతిలోంచి బయటపడటం. మీ తాతమ్మని అడగండి, ఇంకా ఉంటే. "బాప్తిస్మం తీసుకున్నాక మీ తాత మానేశాడు, అప్పుడు రెండు గేదెలు కొన్నాం" అంటుంది. వేదాంతం ఆ గేదెల్లో ఉంది.

ఇది క్రైస్తవుల సంగతే కూడా కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట. రాత్రిబడిలో చదువుకుంటున్న ఆడవాళ్లు, పుస్తకంలో తాగుడు గురించి పాఠం చదివి, మన ఊళ్లో సారా ఎందుకుండాలి అని లేచారు. వర్ధినేని రోశమ్మ గారి పేరు మీరు విని ఉంటారు. చీపుళ్లు, కారం పట్టుకుని కొట్లు మూయించారు, సారా వేలం పాటలు ఆపించారు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. 1997లో ఎత్తేశారు. ఎందుకు ఎత్తేశారు? ఖజానా. దొంగ సారా. మీకు తెలియనిది కాదు. క్రైస్తవులు ఎక్కువగా ఉన్న నాగాలాండ్‌లో బాప్టిస్టు సంఘాలు పట్టుబట్టి 1989లో నిషేధ చట్టం తెచ్చుకున్నాయి. అక్కడ దొంగతనంగా దొరకదా? దొరుకుతుంది. మిజోరం ఒకసారి నిషేధించింది, సడలించింది, 2019లో మళ్లీ నిషేధించింది. చట్టం వద్దని నేను అనను, దూబగుంట ఆడవాళ్ల కష్టాన్ని తక్కువ చేయను. కానీ చట్టం వచ్చింది కదా అని సంఘం చేతులు దులుపుకుంటే కుదరదు.

ఇక్కడ పెద్దలకు ఒక మాట. హబక్కూకు రెండో అధ్యాయం, పదిహేనో వచనం. తన పొరుగువాడికి తాగనిచ్చి మత్తుడిగా చేసేవాడికి శ్రమ అన్నాడు. తాగేవాడి మీద వంద ప్రసంగాలు విన్నాను. తాగించేవాడి మీద ఒక్కటి కూడా వినలేదు. మీరు విన్నారా? బెల్టు షాపు నడిపే అన్న దశమభాగం మనం తీసుకుంటామా లేదా? తీసుకుంటాం, రసీదు కూడా రాస్తాం. ఎలక్షన్ ముందు రాత్రి సీసాలు పంచేవాడు మన కానుకల వేలంలో ముందు కూర్చుంటాడు. సంఘ కమిటీ ఎన్నికల సంగతి నేను ఎత్తను, నవ్వుతున్నారంటే మీకు తెలిసినట్టే.

సరే. ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. తాగొచ్చా, తాగకూడదా అని మనం వాదించుకుంటున్న గంటలో, ఆల్‌రెడీ తాగుడులో పడిపోయినవాడు మన మధ్య ఎక్కడ కూర్చున్నాడు? చివరి బెంచీలోనా? బయట చెట్టు కింద బండి మీదా? అసలు వచ్చాడా?

మొదటి కొరింథీయులు ఆరు, పదో వచనం మనకి బాగా తెలుసు. తాగుబోతులు దేవుని రాజ్యానికి వారసులు కాలేరు. వచనం మొత్తం చదవండి. ఆ వరుసలో తాగుబోతుకి ముందు ఎవరున్నారు? లోభులు. వెనక ఎవరు? దూషకులు. మీ సంఘంలో లోభం వల్ల ఎవరినైనా ప్రభురాత్రి భోజనం బల్లకి రాకుండా ఆపారా? దూషణ వల్ల ఆపారా? ఆపితే కమిటీ మీటింగులే జరగవు. తాగినవాణ్ని మాత్రం ఠక్కున ఆపేస్తాం. ఎందుకంటే వాడిది కనబడుతుంది, వాసన వస్తుంది. పదకొండో వచనం దాకా వెళ్లండి: మీలో కొందరు అలాంటివాళ్లే. అంటే కొరింథు సంఘం బెంచీల మీద వాళ్లు కూర్చుని ఉన్నారు.

మనం ఏం చేస్తాం? ఒకాయన మానేశాడు అనుకోండి. రెండు వారాలు కాలేదు, మైకు ఇచ్చి సాక్ష్యం చెప్పమంటాం. ఆయన ఏడుస్తాడు, మనం హల్లెలూయ అంటాం. ఆ తర్వాత నెలకి మళ్లీ జారుతాడు. చాలామంది ఒకసారి కంటే ఎక్కువ జారుతారు, ఈ జబ్బు తీరే అంత. అప్పుడు ఆయన మన ముఖం చూడగలడా? మైకు ఇచ్చి మనమే ఆయనకి తిరిగొచ్చే దారి మూసేశాం. నన్నడిగితే ఏడాది దాకా సాక్ష్యం వద్దు. ఊరికే వచ్చి కూర్చోనివ్వండి. టీ ఇవ్వండి.

ఇంకో ముఖ్యమైన సంగతి, దయచేసి పాస్టర్లు, పాస్టరమ్మలు వినండి. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగేవాడు ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు. చేతులు వణుకుతాయి, చెమటలు, నిద్ర ఉండదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకి మతి తప్పి, గోడ మీద పురుగులు పాకుతున్నట్టు, ఎవరో పిలుస్తున్నట్టు అనిపించవచ్చు. మనం ఏం చేస్తాం? దయ్యం పట్టిందంటాం. మూడు రోజుల ఉపవాస ప్రార్థనకి తెచ్చి, తిండి నీళ్లు లేకుండా, గదిలో పెట్టి గద్దిస్తాం. అయ్యా, అది దయ్యం కాదు, ఆ శరీరానికి ఆసుపత్రి కావాలి. మందులిచ్చి మెల్లగా దించాలి, బీ1 విటమిన్ ఇవ్వాలి. ప్రార్థన చేయొద్దంటున్నానా? ఆసుపత్రి మంచం పక్కన చేయండి. లూకా కూడా వైద్యుడే.

అక్కలకి ఒక మాట. ఆయనకి తెలియకుండా మజ్జిగలో, పప్పులో మాన్పించే మాత్ర కలిపి పెడుతున్నారు. బాధ అర్థమవుతుంది. కానీ అది ఒంట్లో ఉండగా ఆయన తాగితే బీపీ పడిపోయి, గుండె ఆగే ప్రమాదం ఉంది. ఆయనకి తెలిసి, డాక్టరు చూసి ఇవ్వాల్సిన మందు అది. 14446 అని వ్యసనాల కోసం ప్రభుత్వ ఉచిత ఫోను ఉంది. మనసు బాగోలేకపోతే 14416, టెలీ మానస్, తెలుగులో మాట్లాడతారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులు మన నగరాల్లో జరుగుతాయి. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుడు బాధితులు ఒకరికొకరు ఆసరాగా మొదలుపెట్టారు. చాలా చోట్ల ఆ మీటింగులకి చర్చి గదులే ఇస్తారు. మన హాలు బుధవారం సాయంత్రం ఖాళీగా ఉంటుంది. కమిటీ వాళ్లు వింటున్నారు కదా?

మరి నేను తాగుతానా? తాగను. రోమా పద్నాలుగు, ఇరవైఒకటి: నీ సహోదరుడికి అడ్డం కలిగించేది ఏదైనా మానేయడం మంచిది. నా సంఘంలో మానడానికి పోరాడుతున్నవాళ్ల పేర్లు నాకు తెలుసు. వాళ్లలో ఒకరు నన్ను గ్లాసుతో చూశారంటే ఆ రాత్రి వాళ్లకి ఎలా గడుస్తుంది? అంతే, నాకు ఇంకో కారణం అక్కర్లేదు. హైదరాబాదులో, డల్లాస్‌లో ఆఫీసు పార్టీకి వెళ్లే తమ్ముడూ, నీ గ్లాసులో ఏముందో నేను కొలవను. కానీ పక్కన ఎవరు కూర్చున్నారో నువ్వు చూసుకో. మొహమాటానికి తాగకు. "నేను తాగను" అనడానికి కారణం చెప్పక్కర్లేదు, నిమ్మకాయ సోడా అడుగు.

చివరి చీటీ. ఇది ఒక చెల్లెలు రాసింది, చదువుతాను. "నాకు సంబంధం వచ్చింది. అబ్బాయి సంఘానికి వెళ్తాడు, మంచి ఉద్యోగం. అకేషనల్‌గా తాగుతాడు అని వాళ్ల అమ్మ చెప్పారు. ఒప్పుకోవచ్చా?"

అమ్మా, ముందు వాళ్లమ్మని కాదు, అబ్బాయిని అడుగు. నేరుగా. అకేషన్ అంటే ఏంటని అడుగు. పండగా, శనివారమా, టెన్షన్ వచ్చిన ప్రతిసారా? ఒక్కడే ఉన్నప్పుడు తాగుతాడా? పోయిన నెలలో ఎన్నిసార్లు? మానేస్తానని ఎప్పుడైనా అనుకున్నాడా, అనుకుని ఎన్నాళ్లు ఉన్నాడు? అడిగినప్పుడు కోపం వచ్చిందా, నవ్వి తప్పించుకున్నాడా, కుదురుగా జవాబు చెప్పాడా, అది కూడా చూడు. పెళ్లయ్యాక ప్రేమతో మాన్పిస్తానని మాత్రం అనుకోకు, ఈ హాల్లో అలా అనుకున్న అక్కలు ఉన్నారు, భోజనాల దగ్గర వాళ్లతో మాట్లాడు. ఇంట్లోవాళ్లు తొందరపెడితే నా పేరు చెప్పు, నేను వచ్చి మీ నాన్నగారితో మాట్లాడతాను.

ప్రార్థన చేసుకుందాం. తర్వాత ప్రశ్నలుంటే మైకు అటు పంపిస్తారు.